ఇంకా ఎక్కువ మంది ఆడవాళ్ళను స్కూబా డైవింగ్‌లోకి తీసుకురావడం ఎలా?

నేను మొదటిసారి వెట్‌సూట్, అదే నీళ్ళలో చలి ఆపే రబ్బరు సూట్, వేసుకున్న రోజు ఇప్పటికీ గుర్తుంది. అక్కడ ఉన్నవన్నీ మగవాళ్ళ కొలతలవే. భుజాల దగ్గర వదులుగా వేలాడుతోంది, తుంటి దగ్గర పైకి రానని మొరాయిస్తోంది. "ఒక్క గంటే కదా, సర్దుకోండి" అన్నారు. నీళ్ళలోకి దిగిన ఐదు నిమిషాలకే నడుము దగ్గరి ఖాళీలోంచి చల్లటి నీళ్ళు లోపలికి వస్తూ పోతూ ఉంటే పళ్ళు టకటకలాడాయి. ఆ రోజు నాతోపాటు దిగిన ఇంకో అమ్మాయి పైకి రాగానే "ఇది మన వల్ల అయ్యే పని కాదు" అని వెళ్ళిపోయింది. మళ్ళీ రాలేదు. తనకు సముద్రం నచ్చక కాదు, చలికి వణికిపోయి. సరైన సూట్ దొరికి ఉంటే ఈపాటికి నాకంటే మంచి డైవర్ అయి ఉండేదని ఇప్పటికీ అనుకుంటాను.

తర్వాత నేను నేర్చుకుని, నేర్పించడం కూడా మొదలుపెట్టాక ఒక విషయం బాగా అర్థమైంది. ఆడవాళ్ళు డైవింగ్‌కు రాకపోవడానికీ, వచ్చినా నిలవకపోవడానికీ ధైర్యం లేకపోవడం కారణం కాదు. చాలాసార్లు వాళ్ళ మొదటి రోజు పాడైపోతుంది, అదీ చిన్న చిన్న విషయాల్లో. మొహానికి అతకని మాస్క్ (కళ్ళు, ముక్కు కప్పే అద్దం), నడుము మీద నిలవని వెయిట్ బెల్ట్ (మునగడానికి కట్టుకునే సీసం బరువుల పట్టీ), బట్టలు మార్చుకోవడానికి చోటు లేని పడవ, ఆమెను అడగాల్సిన ప్రశ్న పక్కనున్న మగమనిషిని అడగడం. వీటిలో ఒక్కటి కూడా సముద్రం తప్పు కాదు. అన్నీ మనం సరిచేయగలిగినవే.

మీరు డైవింగ్ నేర్పించేవాళ్ళు కావచ్చు, డైవ్ సెంటర్ నడిపేవాళ్ళు కావచ్చు, లేదా మీ చెల్లెల్నో స్నేహితురాలినో ఒక్కసారైనా నీళ్ళ కిందికి తీసుకెళ్ళాలని ఆశపడే మామూలు డైవర్ కావచ్చు. ఎవరైనా ఈ వరుసలో వెళ్ళండి.

1. పిలిచే ముందు అడగండి, అడిగాక వినండి

"రా, చాలా బాగుంటుంది, భయమేమీ లేదు" అనే పిలుపు దాదాపు ఎప్పుడూ పనిచేయదు. ఆమెకు భయం ఉందని మీరే తేల్చేశారు, అది అక్కర్లేదని కూడా మీరే చెప్పేశారు. ఇక ఆమె చెప్పడానికేం మిగిలింది? దానికి బదులు "డైవింగ్ అనగానే నీకు మొదట ఏం గుర్తొస్తుంది?" అని అడిగి ఊరుకోండి. మధ్యలో సమాధానాలు చెప్పకండి.

అప్పుడు అసలు మాటలు బయటికి వస్తాయి. "నాకు ఈత రాదు." "మొహం నీళ్ళలో పెడితే ఊపిరాడనట్టు ఉంటుంది." "ఆ బిగుతు బట్టల్లో అందరి ముందూ నిలబడలేను." "పీరియడ్స్ వస్తే ఎలా?" "నేను పోతే పిల్లల్ని ఎవరు చూస్తారు?" "ఈ వయసులోనా?" వినడానికి అన్నీ 'వద్దు' లాగే ఉన్నా, ఒక్కోదానికి చేయాల్సిన పని వేరు. పిల్లల సంగతి అడిగినామెకు ధైర్యం చెప్పి లాభం లేదు. ఆ రెండు రోజులు పిల్లల్ని ఎవరు చూసుకుంటారో కూర్చుని మాట్లాడాలి, వీలైతే ఆ పని మీరే నెత్తిన వేసుకోవాలి. బట్టల గురించి అడిగినామెకు ఫుల్ వెట్‌సూట్ మెడ నుంచి చీలమండ దాకా ఒళ్ళంతా కప్పేస్తుందని, దాని కింద ఫుల్ హ్యాండ్స్ రాష్‌గార్డ్ (ఒంటికి అతుక్కునే ఈత చొక్కా), లెగ్గింగ్స్ వేసుకోవచ్చని చెబితే సగం టెన్షన్ పోతుంది. డైవింగ్ అంటే ప్రకటనల్లో కనిపించే బికినీ బొమ్మలే గుర్తొస్తాయి కాబట్టి ఈ సంగతి చాలామందికి తెలియదు.

ఈత సంగతి మాత్రం వేరు, దాన్ని తేలిగ్గా తీసుకోకండి. చాలా దేశాల్లో మగపిల్లలను ఈతకు పంపినంత సులువుగా ఆడపిల్లలను పంపరు. పెద్దయ్యాక నేర్చుకోవాలంటే సిగ్గు, సమయం లేకపోవడం, నేర్పేవాళ్ళు దొరకకపోవడం అన్నీ అడ్డొస్తాయి. ఇన్‌స్ట్రక్టర్ పట్టుకుని దించే ట్రయల్ డైవ్‌కు సాధారణంగా ఈత పరీక్ష పెట్టరు, అది నిజమే. అది చూపించి "ఈత రాకపోయినా పర్లేదు" అని మాత్రం ఆమెను కోర్సులోకి లాగకండి. డైవింగ్ శిక్షణ, సర్టిఫికెట్లు ఇచ్చే పాడి (PADI) సంస్థ మొదటి స్థాయి కోర్సు, ఓపెన్ వాటర్‌లో 200 మీటర్లు ఆగకుండా ఈదాలి, లేదంటే మాస్క్, ఫిన్స్ (కాళ్ళకు తొడిగే తెడ్లు), స్నార్కెల్ (ఊపిరి గొట్టం) పెట్టుకుని 300 మీటర్లు వెళ్ళాలి. దాంతోపాటు 10 నిమిషాలు నీళ్ళ మీద తేలుతూ ఉండాలి. ఇక్కడ చెప్పాల్సిన మంచి మాట ఒకటుంది: ఆ ఈతకు టైమ్ పెట్టరు, ఏ పద్ధతిలో ఈదినా ఒప్పుకుంటారు. నెమ్మదిగా, ఆగకుండా పోతే చాలు. తేలడం విషయానికి వస్తే, సగటున ఆడవాళ్ళ శరీరం మగవాళ్ళ శరీరం కంటే సులువుగా తేలుతుంది. ఈత రానామెకు మీరు చేయగలిగిన అతిపెద్ద సాయం ఆడవాళ్ళు నేర్పే ఈత క్లాసు వెతికి పెట్టి, మొదటి వారం తనతో వెళ్ళడం. డైవింగ్ ఆరు నెలలు ఆగినా నష్టం లేదు.

2. ఈ పని చేసిన ఆడవాళ్ళను ఆమెకు పరిచయం చేయండి

"ఇది మగవాళ్ళ ఆట" అన్న మాట ఎంత తప్పో చెప్పడానికి వాదన అక్కర్లేదు. కొరియాలోని జెజు ద్వీపంలో హేన్యో అనే స్త్రీలు తరతరాలుగా గాలి సిలిండర్ లేకుండా, ఊపిరి బిగబట్టి, దాదాపు 10 మీటర్ల లోతుకు దిగి నత్తగుల్లలు ఏరుకొస్తున్నారు. వాళ్ళలో 80 ఏళ్ళు దాటినవాళ్ళు కూడా ఉన్నారు. పైకి రాగానే వాళ్ళు వదిలే ఊపిరి ఈల వేసినట్టు వినిపిస్తుంది, దానికో పేరు కూడా ఉంది, సుంబిసోరి. 2016లో యునెస్కో ఈ సంప్రదాయాన్ని తన సాంస్కృతిక వారసత్వ జాబితాలో చేర్చింది. "ఈ వయసులోనా?" అని అడిగినామెకు వీళ్ళ గురించి చెప్పండి.

స్కూబాలోనూ అంతే. అమెరికాలో 1955లోనే డాటీ ఫ్రేజియర్ ఇన్‌స్ట్రక్టర్ అయ్యారు. ఆ దేశంలో ఆ సర్టిఫికెట్ పొందిన మొదటి మహిళగా ఆమెను చెప్పుకుంటారు. తర్వాత ఆమె సొంతంగా డైవ్ షాపు నడిపారు. 1970లో టెక్టైట్ ప్రాజెక్టులో సముద్ర శాస్త్రవేత్త సిల్వియా ఎర్ల్ నాయకత్వంలో ఐదుగురు మహిళలు వర్జిన్ ఐలాండ్స్ దగ్గర సముద్రం అడుగున కట్టిన ఇంట్లో రెండు వారాలు ఉండి పరిశోధన చేశారు. అందరూ ఆడవాళ్ళతోనే ఆ జట్టు ఎందుకు ఏర్పడిందంటే, ఆడామగా కలిసి నీళ్ళ కింద ఒకే ఇంట్లో ఉండటానికి అప్పట్లో పెద్దలు ఒప్పుకోలేదు. 'ఎవరేమనుకుంటారో' అన్న అడ్డంకి శాస్త్రవేత్తలకూ తప్పలేదన్నమాట. అయినా వాళ్ళు దిగారు, పని పూర్తిచేసి వచ్చారు.

చరిత్ర ఒక ఎత్తు, ఎదురుగా కూర్చుని మాట్లాడే మనిషి ఒక ఎత్తు. మీకు తెలిసిన ఆడ డైవర్ ఎవరైనా ఉంటే ఇద్దర్నీ కలపండి. మీరు అక్కడ ఉండకండి. మీ ముందు అడగలేని ప్రశ్నలు వాళ్ళు మాట్లాడుకుంటారు.

సెంటర్ నడిపేవాళ్ళు గోడల మీద, పేజీలో ఉన్న ఫోటోలు ఒకసారి కొత్త కళ్ళతో చూడాలి. మగాయన పరికరాలు సరిచూస్తూ, అమ్మాయి చేప పక్కన నవ్వుతూ ఉన్న ఫోటోలే ఉంటే, అక్కడ పని ఎవరిదో, అలంకారం ఎవరిదో చెప్పకుండానే చెప్పినట్టు. సిలిండర్ వాల్వ్ తిప్పుతున్న ఆవిడ ఫోటో, మ్యాప్ చూపించి బ్రీఫింగ్ ఇస్తున్న ఆవిడ ఫోటో పెట్టండి. వయసు మళ్ళినవాళ్ళు, లావుగా ఉన్నవాళ్ళు కూడా ఉండాలి.

ఆడవాళ్ళకు మాత్రమే బ్యాచ్ పెట్టడం మంచిదేనా అని చాలామంది అడుగుతారు. మొదటి రెండు మూడు రోజులకు చాలా మంచిదని నా అభిప్రాయం. తెలియనిది తెలియదని అడగడానికి సిగ్గుండదు. ఆ తర్వాత అందరితో కలపాలి, లేకపోతే బయట మామూలు పడవ ఎక్కినప్పుడు మళ్ళీ మొదటికొస్తుంది. పాడి 2015 నుంచి ఏటా జులై మూడో శనివారం మహిళల డైవ్ డే జరుపుతోంది. కొత్తవాళ్ళను పిలవడానికి అదో మంచి సాకు. ఆ ఒక్క రోజు చేసి మిగతా ఏడాదంతా మర్చిపోకపోతే చాలు.

3. ఆరోగ్యం సంగతి సూటిగా మాట్లాడండి

ఇక్కడ గొంతు తగ్గించి, చూపు తిప్పుకుని మాట్లాడితే ఆమె ఇంకేమీ అడగదు. మీరు మగవాళ్ళయితే, చెవి నొప్పి గురించి ఎలా చెబుతారో పీరియడ్స్ గురించీ అంత మామూలుగా చెప్పండి.

పీరియడ్స్ సమయంలో డైవ్ చేయవచ్చు. టాంపాన్, మెన్‌స్ట్రువల్ కప్ రెండూ నీళ్ళ కింద పనిచేస్తాయి. రక్తం వాసనకు షార్కులు వస్తాయన్నది చాలామంది మనసులో ఉండి పైకి అడగని భయం. పీరియడ్స్ వల్ల ఆడ డైవర్ల మీద షార్క్ దాడులు ఎక్కువవుతాయనడానికి ఆధారం లేదు, అడగకపోయినా మీరే చెప్పండి. కడుపునొప్పి, నీరసం ఎక్కువగా ఉంటే ఆ రోజు మానేయడం ఆమె ఇష్టం. జ్వరం వచ్చినవాళ్ళు మానేసినట్టే.

గర్భంతో ఉంటే మాత్రం డైవింగ్ వద్దు. ఎన్నో నెల అన్నదాంతో సంబంధం లేదు, ఎంత తక్కువ లోతైనా సరే. పైకి వచ్చేటప్పుడు ఒంట్లో గాలి బుడగలు ఏర్పడితే పెద్దవాళ్ళ ఊపిరితిత్తులు వాటిని వడకడతాయి. కడుపులోని బిడ్డకు ఆ వడపోత ఇంకా పనిచేయదు. గర్భం అని తెలియక ముందే డైవ్ చేసి, తర్వాత కంగారుపడే వాళ్ళుంటారు. అలా దిగిన చాలామంది ఆరోగ్యంగా ఉన్న పిల్లల్ని కన్నారు. కాబట్టి హడలెత్తకుండా డాక్టర్‌కు చెప్పి, ఇక మీదట మానేయాలి. కాన్పు తర్వాత ఎప్పుడు మొదలుపెట్టాలో డాక్టరే చెప్పాలి, ఆపరేషన్ అయితే ఇంకా ఎక్కువ రోజులు ఆగాల్సి ఉంటుంది. బిడ్డకు పాలిచ్చే తల్లి డైవ్ చేయవచ్చు, నీళ్ళు బాగా తాగుతూ ఉండాలి.

కోర్సు ముందు ఇచ్చే మెడికల్ ఫారం ఆమె ఒక్కతే కూర్చుని నింపాలి. భర్తో, స్నేహితులో పక్కన కూర్చుని చూస్తుంటే కొన్ని గళ్ళలో నిజం రాయలేకపోవచ్చు. ఉబ్బసం, గుండె జబ్బు, పానిక్ అటాక్స్ లాంటివి దాచిపెట్టడం ప్రాణం మీదికి తెచ్చుకోవడమే.

4. సామాను దగ్గర తొందరపడకండి

నేను అన్నిటికంటే ఎక్కువ సమయం పెట్టేది ఇక్కడే.

మాస్క్‌తో మొదలుపెట్టండి. ఆమె జుట్టంతా వెనక్కి తీసి, పట్టీని మాస్క్ ముందు వైపుకు మడిచి, ఉత్త మాస్క్‌ను మొహానికి ఆనించమనండి. నొక్కకూడదు. ముక్కుతో కొంచెం గాలి పీల్చి, చెయ్యి తీసేయాలి. మాస్క్ అలాగే అతుక్కుని ఉంటే సరిపోయినట్టు. ఎక్కడైనా సన్నగా గాలి చప్పుడు వస్తే, లేదా జారిపోతే, ఇంకోటి చూడాలి. బుగ్గలు సన్నగా ఉన్నవాళ్ళకు పెద్ద మాస్క్ ఇస్తే చెంప దగ్గర సందు మిగులుతుంది, అందులోంచి నీళ్ళు కారుతూనే ఉంటాయి. అప్పుడు చాలామంది పట్టీ బిగిస్తారు. బిగిస్తే అంచు మడతపడి ఇంకా ఎక్కువ కారుతుంది, పైకి వచ్చేసరికి మొహం మీద ఎర్రటి వాత తేలుతుంది. సరిపోయిన మాస్క్‌కు పట్టీ వదులుగా ఉన్నా చాలు. చివరగా నుదుటి దగ్గర వేలు పెట్టి చూడమనండి. నాలుగు వెంట్రుకలు సిలికాన్ కింద ఇరుక్కున్నా చాలు, నీళ్ళకు దారి దొరుకుతుంది.

జుట్టు పొడుగ్గా ఉన్నవాళ్ళకు ఇది పెద్ద సమస్య, ఎవరూ చెప్పరు. పైన కొప్పు వేస్తే మాస్క్ పట్టీ నిలవదు. మెడ దగ్గర కిందికి జడ వేసి, కొస కూడా గట్టిగా కట్టి, సూట్ లోపలికి దోపేస్తే సిలిండర్ వాల్వ్‌కు చిక్కుకోదు. రబ్బరు పట్టీ జుట్టును పీకకుండా మెత్తటి గుడ్డ తొడుగు దొరుకుతుంది. ఆ తొడుగు ఉన్న మాస్కులు కొన్ని సెంటర్లో ఉంచడం ఎంత చిన్న పనో చూడండి.

వెట్‌సూట్ ఒంటికి అతుక్కున్నట్టు ఉండాలి, ఊపిరి పీల్చడానికి మాత్రం ఇబ్బంది ఉండకూడదు. నడుము వెనక, చంకల కింద ఖాళీ మిగిలితే సూట్ వేసుకుని ప్రయోజనం లేదు. ఆడవాళ్ళ కొలతలతో కుట్టిన సూట్లు, ఎస్ నుంచి పెద్ద సైజుల దాకా, కొనకుండా "ఆడవాళ్ళు రావట్లేదు" అని బాధపడటంలో అర్థం లేదు. ఆమె సైజు అందరి ముందూ అరిచి అడక్కండి. ఎత్తు, బరువు ముందే ఫారంలో రాయించుకుని, వచ్చేసరికి సామాను పక్కన పెట్టి ఉంచండి.

బీసీడీ అంటే గాలి నింపి తేలడానికి, గాలి తీసి మునగడానికి వేసుకునే జాకెట్. దాంట్లో చూడాల్సింది భుజాల మీది పట్టీలు, వీపు పొడవు. పెద్దది ఇస్తే నీళ్ళ మీద తేలుతున్నప్పుడు అది చెవుల దాకా ఎక్కేస్తుంది, మనిషి దాంట్లో వేలాడుతుంది. గాలి నింపి చూడండి: రొమ్ము దగ్గర నొక్కి ఊపిరాడకుండా చేస్తే అది ఆమెకు పనికిరాదు. సిలిండర్ గాలిని నోటికి అందించే రెగ్యులేటర్‌లో, నోట్లో పెట్టుకునే ముక్కకు కూడా చిన్న సైజు ఉంటుంది. పెద్దది పెడితే అరగంటలో దవడ లాగేస్తుంది.

ఇక సీసం బరువులు. కొత్తవాళ్ళు మునగట్లేదని రెండు ముక్కలు ఎక్కువ వేసేయడం చాలాచోట్ల అలవాటు. దాంతో ఆమె కింద రాయిలా కూర్చుంటుంది, పైకి రావడానికి తన్నుకుంటూ ఆయాసపడుతుంది, 'నాకు చేతకాదు' అనుకుంటుంది. రెండు నిమిషాలు పెట్టి సరిగ్గా చూడండి. బీసీడీలో గాలి తీసేసి, మామూలుగా ఊపిరి పీల్చి నిలబెట్టినప్పుడు నీళ్ళు కళ్ళ మట్టానికి రావాలి, ఊపిరి వదిలినప్పుడు మెల్లగా మునగాలి. అల్యూమినియం సిలిండర్ ఖాళీ అయ్యేకొద్దీ తేలికవుతుంది కాబట్టి నిండు సిలిండర్‌తో చూస్తే దానికి కొంచెం కలపాలి. వెయిట్ బెల్ట్ తుంటి మీంచి జారుతుంటే, బరువులు బీసీడీ జేబుల్లో పెట్టేయండి.

సిలిండర్ బరువు చూసి వెనక్కి తగ్గేవాళ్ళు చాలామంది. గాలి నిండిన మామూలు అల్యూమినియం సిలిండర్ 16 కిలోలకు పైనే ఉంటుంది. దాన్ని వీపున వేసుకుని పడవలో నడవడం ఎవరికైనా కష్టమే. నీళ్ళలోకి దిగాక ఆ బరువే తెలియదు. కాబట్టి నడిపించకండి. అంచున కూర్చున్నాక తొడగండి, లేదా సామాను ముందు నీళ్ళలోకి దించి అక్కడే తొడుక్కోవడం నేర్పండి. చిన్నపాటి శరీరానికి గాలి తక్కువే ఖర్చవుతుంది, అందుకే 12 లీటర్ల సిలిండర్ బదులు 10 లీటర్లది ఇచ్చినా బడ్డీతో, అంటే జతగా దిగే తోటి డైవర్‌తో, సమానంగా చాలాసార్లు వస్తుంది.

ఒక్క మాట. ఈ సామానంతా ఆమె చేతే బిగింపించండి. సాయం చేయాలన్న మంచి మనసుతో మగవాళ్ళు చటుక్కున వచ్చి బిగించేస్తారు. దాంతో పది డైవులు చేసినా ఆమెకు తన రెగ్యులేటర్ తగిలించుకోవడం రాదు. ఆలస్యమైనా ఆగండి.

5. నీళ్ళలో మొదటి గంట

నడుము లోతు నీళ్ళు, చుట్టూ తక్కువమంది, చేతిలో సమయం. ఈ మూడూ ఉంటే చాలు.

యాభై దాటిన ఒకావిడ నా దగ్గర నేర్చుకోవడానికి వచ్చారు. ఈత వచ్చు. రెగ్యులేటర్‌తో ఊపిరి బాగానే తీస్తున్నారు. మాస్క్‌లోకి నీళ్ళు రానిమ్మంటే మాత్రం గభాలున లేచి నిలబడుతున్నారు. మూడుసార్లు అలాగే అయింది.

"అమ్మా, ముక్కులోకి నీళ్ళు పోతే?" అని అడిగారు.

"కొంచెం పోతాయండీ. పోయినా ఊపిరి నోటితో వస్తూనే ఉంటుంది. ముందు అది చూద్దాం, మాస్క్ తీసేయండి."

మాస్క్ పక్కన పెట్టాం. రెగ్యులేటర్ నోట్లో పెట్టుకుని, కళ్ళు మూసుకుని, మొహం మాత్రం నీళ్ళలో పెట్టారు. నోటితో పీల్చడం, ముక్కుతో వదలడం. ముక్కు దగ్గర బుడగలు వస్తున్నంతసేపూ నీళ్ళు లోపలికి రావు. నేను ఆవిడ చేయి పట్టుకుని వేళ్ళతో లెక్క చెబుతున్నాను. ఐదు ఊపిర్లు, పది, ఇరవై. ఇరవై దాటాక ఆవిడే నా చేయి వదిలేశారు. తలెత్తినప్పుడు "ఇంతేనా?" అన్నారు. తర్వాత మాస్క్ పెట్టుకుని, అంచు కొంచెం ఎత్తి కళ్ళ దాకా నీళ్ళు రానిచ్చి, పై అంచును వేలితో నొక్కి, చూపు కొంచెం పైకి పెట్టి, ముక్కుతో నెమ్మదిగా వదిలారు. నీళ్ళు కింది అంచులోంచి పోయాయి. ఇంకోసారి, ఇంకోసారి అంటూ పదకొండు సార్లు చేశారు.

మాస్క్‌లో నీళ్ళ భయం ఉన్నవాళ్ళను ముందు ఇలా మాస్క్ లేకుండా ఊపిరి తీయడానికి అలవాటు చేయండి. ఇంట్లో పెద్ద గిన్నెలో నీళ్ళు పోసుకుని, స్నార్కెల్ పెట్టుకుని మొహం ముంచి కూడా సాధన చేయవచ్చు. "భయపడకండి" అని పదిసార్లు చెప్పడం కంటే ఇది మేలు.

మొదటి రోజే రెండు విషయాలు ఆమెకు బాగా ఎక్కాలి. ఒకటి, ఊపిరి ఎప్పుడూ బిగబట్టకూడదు. హేన్యోలు బిగబట్టి దిగుతారు, వాళ్ళ ఊపిరితిత్తుల్లో ఉన్నది పైన పీల్చిన గాలే. సిలిండర్ గాలి నీళ్ళ ఒత్తిడికి సరిపడా నొక్కుకుని వస్తుంది. బిగబట్టి పైకి లేస్తే అది ఉబ్బి ఊపిరితిత్తులను దెబ్బతీస్తుంది. రెండోది, చెవులు. 10 మీటర్లు దిగేసరికి ఒత్తిడి రెట్టింపవుతుంది కాబట్టి అసలు మార్పంతా మొదటి కొద్ది మీటర్లలోనే ఉంటుంది. నొప్పి వచ్చాక కాదు, రాకముందే, తల మునిగిన క్షణం నుంచి ముక్కు మూసి నెమ్మదిగా గాలి ఊదుతూ చెవులు సరిచేసుకుంటూ దిగాలి. కాళ్ళు కిందికి పెట్టి, తాడు పట్టుకుని దిగితే ఎక్కడ కావాలంటే అక్కడ ఆగవచ్చు. జలుబు ఉంటే ఆ రోజు వద్దు.

ఇంకో నియమం ఉంది, అది చెప్పాక చాలామంది భుజాలు తేలికపడటం నేను చూశాను. డైవింగ్‌లో బొటనవేలు పైకి చూపిస్తే 'భేష్' అని కాదు, 'పైకి పోదాం' అని. ఎవరైనా, ఎప్పుడైనా, ఏ కారణం లేకపోయినా ఆ సైగ చేయవచ్చు. చేస్తే మిగతావాళ్ళు ఎదురు చెప్పరు, పైకి వచ్చాక సంజాయిషీ అడగరు. నేను మొదటి రోజు ప్రతి ఒక్కరి చేతా కావాలనే ఒకసారి ఆ సైగ చేయించి, అందరం పైకి వస్తాం. ఆ సైగ నిజంగా పనిచేస్తుందని వాళ్ళు స్వయంగా చూడాలి.

6. చేతులు, గది, బాత్రూమ్

పట్టీలు సరిచేయడానికి ఆమెను తాకాల్సి వస్తే ముందు అడగండి. "నడుము దగ్గరి బకిల్ బిగిస్తాను, సరేనా?" అన్న చిన్న మాట. నీళ్ళ కింద ఎక్కడ పట్టుకుంటారో కూడా పైన ఉన్నప్పుడే చూపించండి: చెయ్యి, సిలిండర్ వాల్వ్, బీసీడీ పట్టీ. నీళ్ళ కింద నోటితో 'వద్దు' అనలేని చోట ఉంటాం కదా, అందుకే ఈ మాట పైనే అయిపోవాలి. అసభ్యంగా ప్రవర్తించిన ఇన్‌స్ట్రక్టర్ గురించి ఎవరైనా చెబితే "ఆయన అలాంటివాడు కాదే" అనకండి. ముందు ఆమెను వేరేవాళ్ళతో దించండి, తర్వాత విచారించండి.

పడవ మీద బట్టలు మార్చుకోవడానికి గది లేకపోతే కనీసం కర్టెన్ కట్టండి, తలమీంచి తొడుక్కునే టవల్ గౌన్లు రెండు ఉంచండి. బాత్రూమ్ ఉందో లేదో బుకింగ్ చేసేటప్పుడే చెప్పండి. లేదని తెలిసి పొద్దుటి నుంచి గుక్కెడు నీళ్ళు తాగకుండా వచ్చేవాళ్ళను ఎందరినో చూశాను. ఒంట్లో నీళ్ళు తగ్గడం డీకంప్రెషన్ సిక్‌నెస్ (పైకి వచ్చేటప్పుడు ఒంట్లో బుడగలు ఏర్పడి వచ్చే జబ్బు) ముప్పు పెంచే వాటిలో ఒకటని డైవింగ్ డాక్టర్లు చెబుతారు. అంటే బాత్రూమ్ సౌకర్యం కూడా భద్రతకు సంబంధించినదే.

7. మీ ఆవిడకు మీరు నేర్పకండి

భర్త ఇరవై ఏళ్ళ డైవర్ అయినా సరే, భార్యకు ఇంకొకళ్ళు నేర్పాలి. ఆయనకు తొందర, ఆమెకు ఆయన్ని నిరాశపరుస్తానేమోనన్న బెంగ. ఇద్దరూ కొత్తవాళ్ళయితే వేర్వేరు బడ్డీలతో జత చేయండి. ఒకే జతగా ఉంటే గాలి ఎంతుందో ఆయనే చూస్తాడు, దారి ఆయనే చూస్తాడు, ఆమె వెనకాల వెళుతుంది. బ్రీఫింగ్‌లో ప్రశ్న ఆమెను అడిగితే ఆయన సమాధానం చెబుతున్నాడా? మర్యాదగానే, "అండీ, ఆవిడ చెబుతారు" అని ఆగండి.

ఆమె తన ఇష్టంతో వచ్చిందో, ఇంట్లోవాళ్ళ మాట కాదనలేక వచ్చిందో కూడా ఒకసారి విడిగా కనుక్కోండి. ఇష్టం లేకపోతే పడవ మీద కూర్చుని సముద్రం చూసి వెళ్ళడానికి పూర్తి హక్కు ఆమెకుంది. అలా ఒకసారి కూర్చుని చూసి, తర్వాత తనంతట తానే వచ్చిన వాళ్ళున్నారు.

8. రెండో డైవ్ తేదీ అక్కడే రాసుకోండి

మొదటి డైవ్ ఎంత బాగా జరిగినా, ఇంటికి వెళ్ళాక పనుల్లో పడి ఆ ఉత్సాహం కరిగిపోతుంది. జుట్టు ఇంకా తడిగా ఉండగానే లాగ్‌బుక్ తీసి, లోతు, సమయం, గాలి, వేసుకున్న బరువులు, సరిపోయిన మాస్క్ సైజు ఆమె చేత రాయించండి. మళ్ళీ వచ్చినప్పుడు సామాను వెతుక్కునే బాధ ఉండదు. అదే పేజీ కింద వచ్చే తేదీ రాయండి.

ఓపెన్ వాటర్ సర్టిఫికెట్‌తో 18 మీటర్ల దాకా దిగవచ్చు. చాలామంది ఆడవాళ్ళు అక్కడే ఆగిపోతారు, ఎందుకంటే ముందుకు వెళ్ళమని వాళ్ళను ఎవరూ అడగరు. రెస్క్యూ కోర్సు గురించి, డైవ్ మాస్టర్ (డైవర్లను వెంట తీసుకెళ్ళే స్థాయి) గురించి మగవాళ్ళను అడిగినట్టే అడగండి. నేర్పేవాళ్ళలో ఆడవాళ్ళు పెరిగితే ఈ పైన రాసినవాటిలో సగం వాటంతటవే సర్దుకుంటాయి.

ఆమె పదో డైవో, పదిహేనో డైవో అయ్యాక, కొత్తగా వచ్చిన ఒకమ్మాయికి మాస్క్ చూడటం ఆమెకు అప్పగించండి. మీరు పక్కనే ఉండండి, మాట్లాడకండి. నేను చూడమన్న మొదటిసారి ఆ యాభై దాటినావిడ, అమ్మాయి నుదుటి మీది వెంట్రుకలు వేలితో వెనక్కి దువ్వి, "ఇప్పుడు ముక్కుతో పీల్చు తల్లీ, నొక్కకు" అన్నారు. మాస్క్ అతుక్కుంది. అమ్మాయి రెండు చేతులూ వదిలేసి మా వైపు చూసింది.